ముప్పై ఒకటో మొగ్గ

మొన్న ఆదివారం ఉదయం ఆరూ పదికి మా అపార్ట్‌మెంట్ లిఫ్టు తలుపు తెరుచుకోగానే గంధరాజం వాసన కొట్టింది. రాజమండ్రిలో ఈ ఇంటికి వచ్చి పదకొండేళ్లయింది. ఈ అయిదంతస్తుల మొత్తంలో గంధరాజం మొక్క ఒక్కటే ఉంది, అది డాబా మీద తూర్పు మూల కుండీలో ఉంది, అది నాది. ముందురోజు సాయంత్రం దానికి ఏడు పువ్వులున్నాయి. అలాంటప్పుడు లిఫ్టులో వాసన ఎందుకు రావాలి? పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగవలసిన దాన్ని పైకి వెళ్లి లెక్కపెట్టాను. ఏడూ ఉన్నాయి. మళ్లీ వచ్చి లిఫ్టు నాలుగు మూలలూ వెతికితే, పైన ఫ్యాను పక్కన ఎవరో తగిలించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. నిమిషానికోసారి బుస్సుమంటూ వాసన వదులుతోంది. డబ్బా మీద తెల్లపువ్వు బొమ్మ, దానికి ఎనిమిది రేకులు. గంధరాజం రేకపువ్వయితే ఆరు రేకులుంటాయి, ముద్దపువ్వయితే అంతకు రెండింతలు పైనే ఉంటాయి. ఎనిమిది నేనెప్పుడూ చూడలేదు.

వయసు మీదపడి నాకు అనుమానం ఎక్కువైందని ఇంట్లో అంటారు. డెబ్బై ఆరేళ్లకి వచ్చిన గుణం కాదిది. ఇది నాకు పదకొండో ఏట, ఒక వేసవిలో, ఒక మొక్క దగ్గర పట్టుకుంది. ఎక్కడ పట్టుకుందో, ఎన్నాళ్లకి ఎంత నష్టం చేసిందో తేదీలతో చెప్పగలను. అప్పటి నా లెక్కల నోటుపుస్తకం వెనక పేజీలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

మాది పాలకొల్లుకి నాలుగు మైళ్ల దూరంలో కాలవగట్టు మీది ఊరు. ఇంటికి ముందు వీధి, వెనక దొడ్డి, దొడ్డి చివర పదకొండు కొబ్బరిచెట్లు, వాటికి అవతల వరిచేలు, వేసవిలో ఆ చేలు బీటలువారి, పైన ఎండ ఆడుతుంటే దూరంగా నీళ్లున్నట్టు కనిపించేది. ఆవకాయ రోజుల్లో దొడ్డంతా ఆవపిండి ఘాటు, ఎండబెట్టిన మామిడి తాండ్ర చాపల తీపివాసన, పనసపండు కోసిన రోజున నూనె రాసుకున్న కత్తిపీట వాసన, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. ఒంటిపూట బడి కావడంతో మధ్యాహ్నాలు నావే. వసారాలో మా మామ్మ ఆకూ వక్కా నములుతూ కళ్లు మూసుకుని కూర్చుంటే, నేను గచ్చు మీద గచ్చకాయలాడుతూ ఉండేదాన్ని. మామ్మ అంటే మా నాన్నని కన్న తల్లి. కళ్లు మూసుకున్నా ఆవిడ నిద్రపోలేదని అందరికీ తెలుసు. వీధిలో ఎవరు వెళ్లినా కళ్లు తెరవకుండానే చెప్పులచప్పుడుని బట్టి పేరు చెప్పేది, ఇంటికి ఎందుకు తొందరగా పోతున్నారో కూడా చెప్పేది.

ఇన్ని వాసనల మధ్య సాయంకాలం అయిదు దాటాక ఇంకొకటి లేచేది. నూతికీ వంటింటి కిటికీకీ మధ్యన, నా నడుము ఎత్తుకి మించకుండా గుబురుగా పెరిగిన గంధరాజం మొక్క ఉండేది. ఏ కాలంలోనూ ఆకు రాల్చి బోసిగా నిలబడేది కాదు. ముదురు పచ్చని ఆకులు, నూనె రాసి తుడిచినట్టు మెరుస్తుండేవి. మొగ్గ పచ్చగా పురిపెట్టినట్టు ఉండేది. పువ్వు మొదటిరోజు తెలుపు, రెండోరోజు మీగడరంగు, మూడోరోజు పసుపు. ఆ మొక్క మా మాణిక్యం అత్తది. అత్త మా నాన్న చెల్లెలు, మామ్మకి ఒక్కతే కూతురు. కడియం దగ్గర ఊరికి కాపురానికి వెళ్లిన రెండో ఏడే ఆవిడ భర్త పోయాడు. పుట్టింటికి తిరిగి వచ్చినప్పుడు ఆవిడ తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, తడిగోనెలో చుట్టిన జానెడు గంధరాజం అంటు. నేను చెప్తున్న వేసవికి అత్తకి ఇరవై తొమ్మిదేళ్లు, మొక్కకి ఆరేళ్లు.

దాన్ని అత్త పెంచిన తీరు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. మూరలోతు గొయ్యి తీసి, కాలవ పూడిక మట్టీ, ఎర్రమట్టీ, మాగిన పశువుల ఎరువూ సమపాళ్లలో కలిపి నింపింది. పదిహేను రోజులకొకసారి పులిసిన మజ్జిగ నీళ్లలో బాగా పలచన చేసి మొదట్లో పోసేది. శ్రావణంలో పూత అయిపోగానే, పెళ్లిలో కూరలు తరిగే కత్తి ఒకటి నూరి, పైకి పోయిన కొమ్మల్ని నడుమెత్తుకి నరికేసేది. "ఎత్తుకి పోనిస్తే ఆకే మిగుల్తుందే దుర్గా, పువ్వు కిందే ఉండాలి, మనకి అందాలి" అనేది. రోజూ పొద్దున్నే కాలవ రేవుకి వెళ్లి రెండు బిందెల నీళ్లు తెచ్చేది. ఒకటి వంటింట్లోకి, ఒకటి మొక్కకి. మా నూతినీళ్లు ఉప్పన. అంట్లకీ, స్నానాలకీ, పశువులకీ తప్ప దేనికీ పనికొచ్చేవి కావు.

మొక్క అత్తదే గాని, పువ్వు అత్తది కాదు. నీళ్లు పోయడం, తవ్వడం, కత్తిరించడం అత్త చేయవచ్చు. పువ్వు కోయకూడదు. భర్త పోయిన ఆడది పువ్వు ముట్టుకుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారోనని మామ్మ పెట్టిన కట్టడి అది. అందుకని కోత నాది. సాయంత్రం స్నానం చేసి, వచ్చినన్ని పువ్వులు బాదం ఆకులో పెట్టుకుని, మొదటిది దేవుడి గూట్లో ఉంచి, తరవాతది అమ్మ తలలో పెట్టి, మిగతావి ఎదురింటికీ పక్కింటికీ కరణంగారింటికీ పంచి వచ్చేదాన్ని. అత్త వంటింటి కిటికీలోంచి చూస్తూ, "ఇవాళెన్నే?" అని అడిగేది. అయిదంటే అయిదు అని చెప్పేదాన్ని. అంతే, పొయ్యి వైపు తిరిగిపోయేది.

ఆ ఏడు శ్రీరామనవమి పందిట్లో పానకం తాగి వచ్చిన మధ్యాహ్నం మొగ్గలు లెక్కపెట్టాను. నలభై మూడు. అన్ని మొగ్గలు అంతకుముందు ఎప్పుడూ లేవు. లెక్క తప్పకుండా ఉండాలని, అమ్మ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీసి, జానెడేసి ముక్కలు చేసి, ప్రతి మొగ్గ తొడిమకీ ఒక ముక్క కట్టాను, ఊడిపోకుండా రెండేసి ముడులు వేశాను. అత్త చూసి నవ్వింది. "ఏంటే, తాయెత్తులా? నీ లెక్కలకి జడిసి అవి విచ్చుకోవు చూడు."

ఏప్రిల్ పదహారున కాలవ కట్టేశారు. డెల్టాలో పుట్టినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం నీళ్లు ఆపుతారు. కాలవ అడుగు బయటపడి, బురదలో కొంగలు తిరుగుతాయి, తరవాత అవీ పోతాయి. అంతకుముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటారు, జూన్‌లో మళ్లీ వదిలేదాకా అవే తాగాలి. ఇంటికి ఇన్ని కావిళ్లని మాట ఉంటుంది. మా ఇంట్లో ఆ నీళ్లు పోసే గోలెం వంటింటి మూల ఉండేది. ఆ ఏడు మామ్మ గోలేనికి కాపలా నాకు అప్పగించింది. "చదువుకుంటున్నావు కదా, రోజుకెంత వాడుతున్నారో చూసి చెప్పు" అంది. నాకంటే సంతోషించినవాళ్లు లేరు. కొబ్బరి ఈన ఒకటి తీసి, చెంబుకొక గీత చొప్పున గుర్తులు పెట్టి, పొద్దున్నా సాయంత్రం గోలెంలో ముంచి చూసి రాసుకునేదాన్ని.

పదిహేడో తేదీ నుంచి రోజూ ఒక చెంబు తేడా వచ్చింది. వంటకి ఇన్ని, తాగడానికి ఇన్ని అని అమ్మ చెప్పిన లెక్కకీ, ఈన చెప్పిన లెక్కకీ సరిగ్గా ఒక చెంబు. ఎనిమిది రోజులు ఓపికపట్టాను. ఎవరు తాగుతున్నారు? ఎవరికి అంత దాహం? గోలెం దగ్గర మసిలేది అమ్మా, అత్తా. అమ్మ అయితే చెప్పే తీసుకుంటుంది. తలుపు సందులోంచి కనిపెట్టి చూశాను. తెల్లవారాక, అందరూ పళ్లు తోముకునే వేళ అత్త ఒక చెంబు ముంచి, కొంగు చాటున పట్టుకుని దొడ్లోకి వెళ్లింది. ఎందుకో చూడ్డానికి నేను ఆగలేదు. చూడవలసింది చూశాననుకున్నాను. ఇరవై అయిదో తేదీ మామ్మతో చెప్పాను.

మామ్మ అత్తని పిలిచి అడిగితే అత్త దాచలేదు. "మొక్కకి పోస్తున్నానమ్మా. నా తాగే వాటాలోంచే తీస్తున్నాను. మధ్యాహ్నం నేను మంచినీళ్లు తాగట్లేదు, మజ్జిగే తాగుతున్నాను."

"మనుషులకే లేకపోతే మొక్కకా?" అంది మామ్మ. "నూతినిండా నీళ్లున్నాయి. ఇహ నువ్వు పొయ్యక్కర్లేదు. దుర్గ పోస్తుంది."

"నూతినీళ్లకి అలుగుతుందమ్మా అది."

"అలగడానికి అదేమైనా కొత్తల్లుడా?" అంది మామ్మ, అమ్మ కూడా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి సాయంత్రం మూడు చెంబుల నూతినీళ్లు, తక్కువా ఎక్కువా కాకుండా, నేనే పోశాను. అత్త కిటికీలోంచి చూసేది. ఎన్ని పువ్వులని అడగడం మానేసింది. అలా మానెయ్యడం నాకు నచ్చలేదు, అనుమానంగా కూడా అనిపించింది.

అప్పటికి ఏడు విచ్చుకున్నాయి. తరవాత అయిదు రోజుల్లో ఇంకో మూడు. ఏప్రిల్ ముప్పైన మొక్క మీద సరిగ్గా ముప్పై మూడు మొగ్గలున్నాయి. మే ఒకటో తేదీ పొద్దున్న చూస్తే ముప్పై ఒకటి. రెండో తేదీకి ఇరవై ఎనిమిది. నాలుగో తేదీకి ఇరవై మూడు. విచ్చుకున్నది ఒక్కటీ లేదు. తొడిమతో సహా, నా ఎర్రదారంతో సహా పోతున్నాయి. మిగిలిన మొగ్గల మొదళ్లు పాలిపోయి పసుపెక్కుతుంటే ఎండకి అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మొక్క మొదట్లో రెండు మొగ్గలు దొరికాయి. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండూ ఉన్న విషయమంతా నాకు చెప్పేశాయి. అప్పుడు నేను వాటిని చూసి ఏమనుకున్నానో పుస్తకంలో ఉంది: "దొంగ కంగారులో 2 పడేసుకుంది." పడేసుకున్నాడు అని కాదు, పడేసుకుంది అని.

మే పద్నాలుగుకి మొక్క ఖాళీ. నలభై మూడులో పది పూశాయి, రెండు దొరికాయి, ముప్పై ఒకటి లేవు. ఆ కాగితం పట్టుకెళ్లి మామ్మకి చదివి వినిపించాను.

మామ్మ నములుతున్న ఆకు ఉమ్మేసి, "పరాయివాళ్లు దొడ్లోకి రారు. వరాలు తప్ప" అంది. వరాలు మా ఇంట్లో పాచిపని చేసే మనిషి. రోజూ నేను లేవకముందే వచ్చి, దొడ్డంతా ఊడ్చి, కళ్లాపి జల్లి వెళ్లిపోయేది. మామ్మ ఆవిణ్ణి పిలిపించి, "పువ్వులేమైనా కోస్తున్నావేంటే?" అని అడిగింది.

"నాకెందుకండి పువ్వులు? నా జుట్టెంతండి, దాని బరువెంతండి?" అంది వరాలు, పిలకంత ముడి చూపిస్తూ. మామ్మ నవ్వి పంపించేసింది. రోజూ ఊడ్చేటప్పుడు ఏం కనిపిస్తోంది అని మాత్రం ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. మామ్మకి తట్టలేదు. నాకూ తట్టలేదు, అంత లెక్కలు వేసేదాన్ని.

వరాలు వెళ్లాక మామ్మ లేచి అత్త గదిలోకి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను. ట్రంకుపెట్టె తెరిచి, మడతపెట్టిన చీరలు ఒక్కొక్కటీ తీసి ముక్కుకి ఆనించుకుని వాసన చూసింది. తలగడ వాసన చూసింది. అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"ముప్పై ఒక్క మొగ్గ ఏమయ్యాయే?"

అత్తకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముందు నా వైపు చూసింది, తరవాత నా చేతిలో కాగితం వైపు. "మొగ్గలు నేనేం చేసుకోనమ్మా? విచ్చుకోని మొగ్గకి వాసన కూడా ఉండదు కదా."

"నీళ్లలో వేస్తే విచ్చుకోవూ?" అంది మామ్మ. "రోజూ చెంబుడు నీళ్లు ఎందుకు పట్టికెళ్లావు?"

ఆ రెండిటినీ కలిపింది మామ్మే, కానీ రెండూ ఆవిడకి ఇచ్చింది నేను. చెంబు లెక్కా నాదే, మొగ్గల లెక్కా నాదే. పెట్టెలో కర్పూరం ఉండలు తప్ప ఇంకే వాసనా లేదు, అయినా మామ్మ అది కూడా అనుమానంగానే చూసింది, ఇంత కర్పూరం ఎందుకు వేసిందీ అని. "వీధిలో ఎవరికైనా తెలిస్తే ఏమంటారే? దాచుకుని పెట్టుకుంటోందంటారు. ఎవరికోసం పెట్టుకుంటోందంటారు" అంటూ తలుపు దగ్గరికి వేసింది, గొంతు తగ్గించింది. నా తల్లి మీద ఒట్టు, ఆ క్షణంలో ఆవిడ ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ. కానీ అత్తకి కనిపించింది కోపమో భయమో నాకు తెలియదు. అత్త ఏడవలేదు. తీసిన చీరలన్నీ మళ్లీ మడతపెట్టి పెట్టెలో సర్దింది. ఒకటి మాత్రం అంది: "నువ్వు నా చీర వాసన చూశావు, అమ్మా. చూశావు కదా, చాలు."

రామచంద్రపురంలో ఆడపిల్లల హాస్టల్లో వంట చూసుకునే మనిషి కావాలని అంతకుముందే కబురొచ్చి ఉంది. పొలాలున్న ఇంటి పిల్ల పదిమందికి వండిపెట్టడమేంటని మామ్మ అప్పట్లో కుదరదంది. మే పదిహేడున, తెల్లవారి ఏడున్నర బస్సుకి, అత్త ట్రంకుపెట్టె ఎత్తించుకుని వెళ్లిపోయింది. నాన్న బస్సుదాకా వెళ్లి, "నాలుగు రోజులుండి వచ్చెయ్ అమ్మాయ్" అన్నాడట. వెళ్లే ముందు అత్త నన్ను దగ్గరికి పిలిచి, తిడుతుందేమోనని నేను దూరంగా నిలబడితే, నా జడకున్న రిబ్బను సరిచేసి, "కాలవ వదిలాక దానికి కాలవనీళ్లు పోయి, చచ్చిపోకుండా చూడు" అంది. ఆ మాటకి నేను తల ఊపాను. నిజానికి నేను అనుకున్నది వేరు: దొంగతనం బయటపడింది కాబట్టి మంచిగా మాట్లాడుతోందని.

జూన్ మధ్యలో కాలవ వదిలారు. ముందు నురగతో, చెత్తతో ఎర్రనీళ్లు వచ్చాయి, ఊళ్లో పిల్లలందరం గట్టు వెంట వాటితో పాటు పరిగెత్తాం. తొలకరి పడింది. మా పాలేరు కొబ్బరిచెట్లకి పాదులు తవ్వడం మొదలుపెట్టాడు. దొడ్డి ఊడ్చిన చెత్తంతా వరాలు వేసేది ఆ పాదుల్లోనే, నూతి పక్క నుంచి రెండో చెట్టు పాదులో. ఆయన పారతో తీసి గట్టుమీద వేసిన చెత్తలో ఎర్రటిది ఏదో కనిపించి వంగాను. దారంముక్క. రెండు ముడులు. ముడిలో ఎండి నల్లబడి, లవంగంలా బిగుసుకుపోయిన మొగ్గ.

ఆయన్ని పని ఆపమని, వంటింట్లోంచి జల్లెడ తెచ్చి, ఆ పాదులోని చెత్తంతా మూడు మధ్యాహ్నాలు జల్లించాను. వేపపూత, ఎండుటాకులు, కోడి ఈకలు, మధ్య మధ్య నా ఎర్రదారాలు. దొరికినవాటిని పదేసి చొప్పున పేర్చాను. మూడు వరసలు వచ్చాయి. ముప్పై. వరాలుని అడిగితే, "రోజూ పడేవండి గుప్పెడేసి, పచ్చపచ్చగా. ఉప్పునీళ్లకి రాలిపోతున్నాయి కాబోలు అనుకుని ఎత్తిపోశాను. మీకు తెలుసనుకున్నానండి" అంది. ఆ ఒక్క మాట ఆవిడ మే నెలలో చెప్పి ఉంటే అత్త ఇంట్లోనే ఉండేది. ఆవిడ చెప్పకపోవడం కాదు, మేం అడగకపోవడం. ఉప్పునీళ్లు పోసింది నేను, రాలుతున్నవాటికి దొంగని వెతికింది నేను.

ఆ మొగ్గల్ని పళ్లెంలో పోసుకుని వసారాలోకి పరిగెత్తి మామ్మకి చూపించాను. జరిగిందంతా చెప్పాను. అత్తకి ఉత్తరం రాద్దామని, రమ్మని రాద్దామని, నేనే రాస్తానని, కార్డు కూడా తెచ్చుకున్నాను. మామ్మ పళ్లెం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దారాలు వేలితో కదుపుతూ కూర్చుంది. ఆవిడ కళ్లు చెమ్మగిల్లాయనే నాకు గుర్తు, కానీ అది ఆవకాయ కారం తగిలిందో ఏమో ఖాయంగా చెప్పలేను.

"ఎన్ని?" అంది.

"ముప్పై."

"ముప్పై ఒకటి అన్నావుగా?"

ఆవిడ ఒళ్లోని పళ్లెంలోకి వంగి మళ్లీ లెక్కపెట్టాను.

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు జల్లించాను. ముప్పయ్యే."

"అయితే ఒకటి?"

నా ఎదురుగా ఉన్నదల్లా ఒక చిన్న అబద్ధం. పక్కపాదులో ఒకటి దొరికిందనో, ఎలక ఎత్తుకుపోయింది నేను చూశాననో అంటే సరిపోయేది. నాకు ఆ అబద్ధం తోచకపోలేదు, తోచింది. కానీ అప్పటికి నాకు లెక్కంటే దేవుడితో సమానం. "ఒకటి లేదు" అన్నాను.

"అదిగో" అంది మామ్మ.

అంతే. పళ్లెం పక్కన పెట్టేసింది. ముప్పై మొగ్గలకి తప్పు ఒప్పుకోవలసిన ఆవిడ, ఆ ఒక్క మొగ్గ వెనక దాక్కుంది. కార్డు రాయలేదు. నాలుగు రోజులుండి రావలసిన అత్త, ఇరవై ఎనిమిదేళ్లు ఆ హాస్టల్లో వండి, పోయేదాకా రామచంద్రపురంలోనే ఉండిపోయింది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ పొద్దుటి బస్సుకి వచ్చి, వసారాలో కూర్చుని, కాఫీ తాగి, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయేది. దొడ్లోకి వెళ్లేది కాదు. మామ్మ పోయినప్పుడు వచ్చి మూడు రోజులుంది, అప్పుడూ వెళ్లలేదు. మొక్క మాత్రం బతికింది, నేను బతికించాను. అత్త చెప్పినట్టే కాలవనీళ్లు పోసి, మజ్జిగ పోసి, శ్రావణంలో కత్తిరించి.

పంతొమ్మిదో ఏట నా పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి నాన్నతో పాటు రామచంద్రపురం వెళ్లాను. హాస్టల్ వంటశాల వెనక నాలుగు గంధరాజం మొక్కలు, నాలుగూ నడుమెత్తులోనే, వరసగా ఉన్నాయి. ఆడపిల్లలు జడల్లో పెట్టుకుని తిరుగుతున్నారు. ఒక పిల్ల వచ్చి, "మాణిక్యంగారండీ, రెండు కోసుకోనా?" అంటే, అత్త "నన్నడుగుతావేంటే, అదేమైనా చీటీ పెట్టి ఇచ్చే బియ్యమా, కోసుకో" అంది. నాన్న ఆఫీసు గదిలోకి వెళ్లగానే, ఎనిమిదేళ్లుగా గొంతులో ఉన్నది అడిగేశాను. ముందు క్షమించమని అడగాలి. నేను ముందు ఆ ఒక్క మొగ్గ గురించి అడిగాను.

అత్త చేతిలో ఉన్న గరిటె పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ముప్పై దొరికాయా?" అంది. మామ్మ ఆ సంగతి ఆవిడకి చెప్పనేలేదు. నేను మొత్తం చెప్పాను, నీళ్లు, దారాలు, జల్లెడ. అత్త వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ముప్పై ఒకటీ నేనే కోశానని మా అమ్మ అంటే అది ఆవిడ భయం అనుకున్నానే. ఒకటి కోశానా అని పెళ్లికూతురివి నువ్వు ఇంత దూరం వచ్చి అడుగుతున్నావు చూడు, అదీ గొప్ప."

"కోశావా అత్తా?"

"కోశానంటే ఏం రాసుకుంటావు? కొయ్యలేదంటే ఏం రాసుకుంటావు?"

"నిజం ఏదైతే అది రాస్తాను."

"అయితే ఇంకా లెక్క కట్టుకుంటూనే ఉండు" అంది, గరిటె తీసుకుని పప్పు కలపడానికి వెళ్లిపోయింది. పెళ్లికి వచ్చింది, అక్షింతలు వేసింది, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. నేను మళ్లీ అడగలేదు. ఆవిడ చెప్పలేదు. ఆవిడ పోయి ఇరవై రెండేళ్లయింది.

మా ఊళ్లో ఇల్లు ఇప్పుడు లేదు. దొడ్డీ కొబ్బరిపాదులూ కలిపి రొయ్యల చెరువైంది. కాలవ రేవు మెట్లు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాని కిందికి పోయాయి. కాలవ ఇప్పటికీ ఏటా కడతారు, వదులుతారు, కానీ ఎప్పుడు కట్టారో ఎప్పుడు వదిలారో ఇంట్లో ఆడవాళ్లకి తెలియవలసిన పని లేదు. ఇరవై లీటర్ల క్యాన్ వస్తుంది. ఏ నీళ్లు ఏ మొక్కకి పడవో చెప్పగలిగే మనిషి మా అపార్ట్‌మెంట్లో నేను కాక ఎవరూ లేరు. సాయంత్రం పూట కింద బెంచీల మీద కూర్చునే ఆడవాళ్లం తొమ్మిదిమందిమి. నాతో కలిపి అయిదుగురికి భర్తలు లేరు. ఆ అయిదుగురిలో నలుగురు పువ్వులు పెట్టుకుంటారు, నేనే కోసి ఇస్తాను. ఎవరూ ఎవరివైపూ వింతగా చూడరు. ఎప్పటి నుంచి చూడటం మానేశారో తేదీ చెప్పమంటే మాత్రం చెప్పలేను, ఎవరూ రాసిపెట్టలేదు.

అత్త ఆ ఒక్క మొగ్గా కోసి ఉంటే బాగుండునని నాకు ఉంటుంది. ఒక్క పూట, గదిలో తలుపు వేసుకుని, గ్లాసుడు నీళ్లలో వేసుకుని, అది విచ్చుకుంటుంటే చూసి ఉంటే బాగుండును. కానీ అలా రాస్తే మామ్మ మాట నిజమని నా చేత్తో నేను రాసినట్టవుతుంది. కొయ్యలేదని రాస్తే, ఆరేళ్లు పెంచిన చెట్టు నుంచి అత్తకి ఒక్క పువ్వూ దక్కలేదని రాసినట్టవుతుంది. గాలికి పోయిందని, ఎలక తీసుకుపోయిందని రాయడానికి ఆధారం లేదు. అరవై అయిదేళ్లుగా ఆ పేజీలో నలభై మూడు, పది, రెండు, ముప్పై అని ఉంది. కూడితే ఒకటి తక్కువ వస్తుంది. ఆ ఒకటికి ఎదురుగా నేనింకా ఏమీ రాయలేదు.